గాడిద లేచిన పేజీ

సోమవారం, 4

పొద్దున్నే విద్యాశాఖ ఆఫీసు నుంచి ఫోను. ఇంట్లో చదువుకునే పిల్లల్ని ఏడాదికోసారి చూసి వెళ్ళే ఆఫీసరమ్మ వచ్చే సోమవారం పదింటికి మా ఇంటికి వస్తుందట. ఆవిడకి నచ్చితే ఇంకో ఏడాది అనుమతి. నచ్చకపోతే సెలవులయ్యాక పిల్లని బడిలో చేర్చాల్సిందే. గొంతు మాత్రం వెన్నలా మెత్తగా ఉంది. మెత్తటి గొంతులంటే నాకు భయం.

లెక్కలకి భయం లేదు, సైన్సుకీ లేదు. వాళ్ళ నాన్న లిఫ్టులు బాగుచేసే మనిషి, కప్పీలూ బరువులూ దానికి అన్నం ముద్దలతోపాటు తినిపించాడు. చదవడం, రాయడం నా వాటా. ఆ వాటాలో వంక పెట్టేవాళ్ళు ఇంకా పుట్టలేదనుకున్నాను.

అంతవరకూ బాగానే ఉంది. "పాపతో ఒక నిమిషం మాట్లాడొచ్చా అమ్మా" అంది. బుద్ధి గడ్డి తిని ఫోను ఇచ్చాను. నీకు బాగా ఇష్టమైన పుస్తకం ఏదని అడిగింది కాబోలు. మా లాయరమ్మ, పదేళ్ళకే ప్రతి మాటకీ ఎదురు ప్రశ్న వేస్తుందని వాళ్ళ నాన్న పెట్టిన పేరు అది, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"గాడిద పుస్తకం" అంది.

అవతల నవ్వు నాక్కూడా వినిపించింది. "నా చిన్నప్పుడు నేనూ దాన్ని పదిసార్లు చదివా. అయితే దాని గురించే మాట్లాడుకుందాం. మొదట్నుంచి చివరిదాకా."

చివరిదాకా అంది.

అన్నం అడుగంటింది. పిల్ల వచ్చి స్టవ్వు ఆపింది.

మంగళవారం, 5

నేనేం తప్పు చేయలేదు. ముందు ఆ ముక్క రాసుకోవాలి.

పిల్లకి ఏ పుస్తకం ఇవ్వాలన్నా ముందు నేను చదువుతాను. ఉప్పు చూసి వడ్డించడం లాంటిదే. చివర బాగోలేకపోతే ఆ పేజీ కొలతకి సరిపడా ఇంకో పేజీ రాస్తాను. వీధి చివర జిరాక్స్ షాపతను టైపు కొట్టి ఇస్తాడు. అక్షరాలు అసలు పుస్తకంలోవాటిలాగే ఉండాలని అతని ప్రాణం తోడేస్తాను. టీ నీళ్ళలో ముంచి ఆరబెడితే కాగితం పాతదైపోతుంది. జిగురు అంచులకి మాత్రమే రాయాలి. పేజీ అంతా రాస్తే ముడతలు పడి పరువు తీస్తుంది. ఇదంతా నాకు ఎవరూ నేర్పలేదు.

మా ఇంట్లో పంజరం వదిలి ఎగిరిపోయిన పిచ్చుక వానలో చావదు, తిరిగొస్తుంది. గడియారాలు బాగుచేసే తాతకి చూపు వస్తుంది. యుద్ధానికి వెళ్ళిన అన్న చివరి పేజీలో గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతాడు. ఆ చెప్పుల వాక్యం రాసినరోజు నా భుజం నేనే తట్టుకున్నాను. ఒకప్పుడు పత్రికల్లో కథలు రాసినదాన్ని, పేరు కూడా అచ్చయ్యేది. ఇప్పుడు ఇంకొకళ్ళ కథలకి ఆఖరి పేజీలు రాస్తున్నాను. చదివే మనిషి ఒక్కతే, అదీ నేను పైకి చదువుతుంటే నా భుజానికి ఆనుకుని కళ్ళు మూసుకుని వింటుంది. పత్రికలకి వచ్చే ఉత్తరాలు దీని ముందు ఏపాటి.

రోజూ పొద్దున ప్రార్థనలో దేవుడు దయగలవాడని దానితో చెప్పించి, పదకొండింటికి దయలేని పుస్తకం చేతిలో పెట్టడం నావల్ల కాదు. రెండింట్లో ఒకటి అబద్ధమవుతుంది.

గాడిద పుస్తకం ముగింపు పిల్లలకి పనికొచ్చేది కాదు. అంతే. ఇంక రాయడానికేం లేదు.

బుధవారం, 6

ప్రార్థనలో నా వరస ఎప్పుడూ ఒకటే. ఇల్లిచ్చినందుకు, తిండిచ్చినందుకు, నాన్నని లిఫ్టు గోతుల్లోంచి క్షేమంగా ఇంటికి చేర్చినందుకు, పాపని ఇచ్చినందుకు. అక్కడితో ఆపేసి కళ్ళు తెరుస్తాను. ఇవాళ నేను తెరిచాక కూడా అది కళ్ళు మూసుకునే ఉంది.

"చిన్నోడి గురించి కూడా పైకి చెప్పొచ్చా?" అంది.

"మనసులో అనుకో. దేవుడికి వినిపిస్తుంది" అన్నాను.

"మరి మిగతావి ఎందుకు పైకి చెప్తున్నాం?"

లాయరమ్మ. లెక్కల పుస్తకం తియ్యమన్నాను.

గురువారం, 7

లైబ్రరీకి వెళ్ళాను. ఆఫీసరమ్మ అడిగేది ఏమిటో ముందే చూసి పెట్టుకుంటే పిల్లని ఎలా సిద్ధం చేయాలో తెలుస్తుంది కదా. ఎవరైనా చేసే పనే. పిల్లని కూడా తీసుకెళ్ళాను, నేనెప్పుడూ దాన్ని ఒంటరిగా వదలను.

అక్కడి మేడం నిచ్చెనెక్కి వెతికి తీసిచ్చింది. మా ఇంట్లో ఉన్న ముద్రణే, అట్ట కూడా అదే. గాడిద వీపు మీద రెండు మూటలు, పక్కన తాడు పట్టుకున్న పిల్ల. కిటికీ దగ్గర బల్ల మీద కూర్చుని చదివాను. కొండ అవతలి ఊళ్ళో ఉప్పు అయిపోయింది, దారి తెగిపోయింది, పెద్దవాళ్ళంతా జబ్బు పడ్డారు. పిల్ల ముసలి గాడిద మీద ఉప్పు మూటలేసుకుని బయలుదేరింది. అదంతా నాకు కంఠోపాఠం. ఇంట్లో పిల్లలిద్దరూ ఆ గాడిదని తాతయ్య అని పిలిచేవాళ్ళు.

వాగు దగ్గరికి వచ్చాను. గాడిద కాళ్ళు ముడుచుకుని ఒడ్డున పడిపోతుంది. పిల్ల తాడు లాగుతుంది. పేజీ అక్కడ అయిపోతుంది.

తిప్పితే ఆఖరి పేజీ.

బస్సుకి టైమైపోతోందని లేచేశాను. నిజానికి ఆ బస్సు పావుగంటకొకటి ఉంటుంది.

పిల్ల బల్లకి అవతల కూర్చుని నన్నే చూస్తోంది. ఎప్పట్నుంచి చూస్తోందో.

శుక్రవారం, 8

పొద్దున దాన్ని దువ్వడానికి చూశాను. జడ వేస్తూ, ఇష్టమైన పుస్తకం అంటే ఒకటే ఉండక్కర్లేదు, గాడిద పుస్తకం బదులు నక్షత్రాల పుస్తకం గురించి చెప్తే ఆఫీసరమ్మకి నీ తెలివి ఇంకా బాగా తెలుస్తుంది కదా అన్నాను. ఆ పుస్తకంలో ఎవరూ పోరు. అందులో మనుషులే లేరు.

"నాకు ఇష్టమైంది ఏదని అడిగింది కదమ్మా ఆవిడ."

"ఇష్టం మారొచ్చు కదా."

"సోమవారంలోపా?"

జడ బిగించాను. నొప్పి పెట్టిందేమో, తల పక్కకి లాక్కుంది.

శనివారం, 9

ఘోరం జరిగిపోయింది. ఉన్నదున్నట్టు రాస్తాను, లేకపోతే పిచ్చెక్కుతుంది.

ఆయన పనికి వెళ్ళారు. పిల్ల బాల్కనీలో మొక్కలకి నీళ్ళు పోస్తోంది. నేను నీళ్ళు మరగబెట్టి గాడిద పుస్తకం ఆఖరి పేజీని ఆవిరికి పట్టాను. నేను అతికించినది ఊడదీసేస్తే పుస్తకం మామూలు పుస్తకమైపోతుంది, పిల్లకి ఏదో సర్దిచెప్పుకోవచ్చు. అది నా ఉపాయం. కింద అంచు మెత్తబడింది. గోటితో లేపబోయాను. జిగురు సగం ఊడి సగం పట్టుకుంది. కింది మూల చర్రున చిరిగింది. నాదో, అసలుదో, రెండూనో చూసే ధైర్యం లేక మూసేశాను.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అది. చేతిలో ఖాళీ చెంబు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"పుస్తకానికి పురుగు పట్టినట్టుంటేనూ."

"ఆవిరి పడితే పురుగు పోతుందా?"

"పోతుంది."

"ఎలా పోతుంది?"

స్టవ్వు ఆపాను. అది చెంబు సింకులో పెట్టి వెళ్ళిపోయింది. తడి పుస్తకాన్ని ఆయన పనిముట్ల పెట్టె కింద పెట్టాను, బరువుకి సాఫవుతుందని.

ఎదురుగా ఉన్న గోడతో అయినా నిజం చెప్పుకోవాలి ఇవాళ. ఆ పేజీ నేను చదవలేదు. రెండేళ్ళ క్రితం కళ్ళు పక్కకి తిప్పుకుని, దాని మీద నా కాగితం పెట్టి నొక్కేశాను. గాడిద లేచి, చెవులు దులుపుకుని, పిల్ల చెంప నాకుతుందని రాశాను. కింద అసలు ఏముందో నాకు తెలియదు. ఆఫీసరమ్మ అడగబోయేది నాకే తెలియదు.

ఆదివారం, 10

ఆయన పెట్టె ఎత్తి పుస్తకం చూశారు. "ఇదేంటి ఇక్కడ?" అన్నారు. చెప్పాను. చాలాసేపు స్క్రూడ్రైవర్లు సర్దుకుంటూ కూర్చున్నారు.

"మొన్న నన్నడిగింది, తమ్ముడికి ఆరోజు ఏం జరిగింది నాన్నా అని" అన్నారు.

"మీరేమన్నారు?"

"నేను మందుల కోసం కిందకి వెళ్ళానమ్మా, అమ్మనడుగు అన్నా."

"నన్ను అడగలేదే."

"నిన్ను అడగాలంటే దానికి భయం. నాక్కూడా భయమే. నువ్వు చెప్తావని నేను, నేను చెప్తానని నువ్వు. మధ్యలో అది."

చిన్నోడికి జబ్బు చేసిన ఆ రోజుల్లో పిల్ల మా వదినగారింట్లో ఉంది. దానికి అంటుకుంటుందని పంపేశాం. తిరిగొచ్చేసరికి అన్నీ అయిపోయాయి. చిన్నోడు దేవుడి దగ్గర హాయిగా ఉన్నాడని చెప్పాను. మంచి వాక్యమే. మంచం తీసేసి ఆ గదిలో బల్ల వేశాను. మర్నాటి నుంచి బడి మాన్పించి ఆ బల్ల దగ్గరే పాఠాలు మొదలుపెట్టాను. బడిలో చదువు సరిగా చెప్పడం లేదని అందరికీ చెప్పాను. నిజంగానే సరిగా చెప్పేవాళ్ళు కాదు.

సోమవారం, 11

ఆఫీసరమ్మ పదింటికి అయిదు నిమిషాల ముందే వచ్చింది. మా బిల్డింగ్ లిఫ్టు ఆయన కంపెనీది కాదు, అది పాడై వారమైంది. మూడంతస్తులూ ఎక్కి రొప్పుతూ వచ్చింది. పొట్టిగా, గుండ్రంగా, నెరిసిన జుట్టుతో ఉంది. నీళ్ళు ఇచ్చాను. గ్లాసు అంచుదాకా నింపానేమో, నీళ్ళు ఆవిడ చీర మీద ఒలికాయి. "పర్లేదమ్మా, చల్లగా ఉంది" అంది.

లెక్కలు అడిగింది. పిల్ల చెప్పింది. కప్పీ ఎలా పనిచేస్తుందో అడిగింది. మా లాయరమ్మ తలుపు గొళ్ళేనికి తాడు కట్టి, బియ్యం డబ్బా వేలాడదీసి చూపించింది. ఆఫీసరమ్మ తన సంచి కూడా దానికి తగిలించి చూసింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

"ఇప్పుడు గాడిద సంగతి" అంది ఆవిడ.

పిల్ల లేచి తానే వెళ్ళి పుస్తకం తెచ్చింది. నేను దాన్ని నిన్ననే పెట్టె కింద నుంచి తీసి అల్మారాలో బట్టల వెనక దాచాను. ఎలా తెలిసిందో. కింది మూల చిరుగు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టి బల్ల మీద పెట్టింది. నా వైపు చూడలేదు.

కథ చెప్పమంది. చెప్పింది. దారి, కొండ, ఉప్పు, వాగు. నేను వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. దేవుడా, ఇదొక్కటీ గట్టెక్కించు అనుకున్నాను. ఏది గట్టెక్కడమో నాకే తెలియదు. గాడిద లేచిందని చెప్తే ఆఫీసరమ్మ దగ్గర నా పని అయిపోతుంది. లేవలేదని చెప్తే పిల్ల దగ్గర నా పని అయిపోతుంది.

"వాగు ఒడ్డున గాడిద పడిపోయింది. ఆ తర్వాత?" అంది ఆఫీసరమ్మ.

"ఏ తర్వాత చెప్పను మేడం?"

"అంటే?"

"పుస్తకంలో ఉన్న తర్వాత ఒకటి ఉంది. మా అమ్మ రాసింది ఇంకోటి ఉంది."

 గుమ్మాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

ఆఫీసరమ్మ నన్ను చూసింది, దాన్ని చూసింది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "రెండూ చెప్పు" అంది.

"పుస్తకంలో తాతయ్య చచ్చిపోతాడు. తాతయ్యంటే గాడిద. పిల్ల ఏడుస్తుంది. తర్వాత ఒక మూట అక్కడే పెట్టి ఒక మూట నెత్తిన పెట్టుకుని వాగు దాటుతుంది. అది ఊళ్ళో ఇచ్చి మళ్ళీ వెనక్కొచ్చి రెండో మూట తీసుకెళ్తుంది. రెండోసారి వచ్చినప్పుడు గాడిద పక్కన కాసేపు కూర్చుంటుంది. అంతే." చిరుగు మీద చెయ్యి సర్దుకుంది. "అమ్మ రాసిన దాంట్లో గాడిద లేస్తుంది. చెవులు దులుపుకుంటుంది. పిల్ల చెంప నాకుతుంది. చాలా బాగుంటుంది."

"నీకేది ఇష్టం?"

"అమ్మది వినడానికి ఇష్టం. కానీ అందులో ఉప్పు సంగతి మర్చిపోయింది మేడం. గాడిద లేచాక ఇద్దరూ అక్కడే ఆడుకుంటూ ఉండిపోతారు. ఊళ్ళోవాళ్ళకి ఉప్పు చేరదు."

ఇంతకాలం నన్ను ఏ ఎడిటరూ అంత మాట అనలేదు. నిజం. ఉప్పు మర్చిపోయాను. కథంతా దేనికోసం నడిచిందో అదే మర్చిపోయాను. అలాంటి సమయంలో కూడా రచయిత్రికి సిగ్గేసింది. నన్ను చూసి నాకే నవ్వొచ్చింది, ఏడుపులా బయటికొచ్చింది.

"అసలుది నీకెలా తెలిసింది?" నేనే అడిగాను. 

"పై అంచు ఊడింది కదమ్మా. సంచిలోకి చూసినట్టు చూశా."

"ఎప్పుడు?"

"పోయిన వానాకాలం."

"ఇదొక్కటేనా?"

"అన్నీ." తర్వాత నన్ను ఓదారుస్తున్నట్టు చెప్పింది. "నువ్వు రాసినవి చదివేటప్పుడు నీ గొంతు బాగుంటుంది. అందుకని చెప్పలా."

ఆఫీసరమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. సంచిలోంచి తెల్లకాగితాలు తీసి పిల్ల ముందు పెట్టింది. "నీకు నచ్చిన కథ ఒకటి రాయి. అమ్మా, మనం బయట కూర్చుందామా" అంది.

బాల్కనీలో మొక్కల పక్కన కూర్చున్నాం. ఆవిడ చీర ఇంకా ఆరలేదు. తిడుతుందని ఎదురుచూశాను. "ఈ మొక్కకి నీళ్ళు ఎక్కువవుతున్నాయి" అంది, అంతే. తిట్టినా బాగుండేది.

అరగంటకి పిల్ల కాగితం తెచ్చి ఇచ్చింది. ఆవిడ చదివి నాకిచ్చింది. ఒక పక్కే నిండింది. ఒక అబ్బాయి, వాడికి నాలుగేళ్ళు, కిటికీ పక్కన మంచం. వాడు గాడిదని తాతయ్య అంటాడు. వాడికి జ్వరం వస్తుంది. అక్కని అత్తయ్య ఇంటికి పంపుతారు. అక్క రోజూ గేటు దగ్గర నిలబడుతుంది. అక్కడ ఆగిపోయింది. కింద ఇలా ఉంది: చివర నాకు తెలియదు, నేను అక్కడ లేను, అమ్మకి తెలుసు.

"బాగా రాస్తుంది" అంది ఆఫీసరమ్మ మెట్ల దగ్గర చెప్పులేసుకుంటూ. "ఈ కథ పూర్తయ్యాక నాకు పోస్టులో పంపించండి. అది చూశాక అనుమతి మీద సంతకం పెడతా. ఈ శనివారంలోపు పంపితే చాలు."

"పూర్తి కాకపోతే?"

"కథ పూర్తి కావడానికి వీలు లేని ఇంట్లో పిల్ల చదువుకోవడం కష్టం కదమ్మా" అంది. అదే మెత్తటి గొంతు.

మంగళవారం, 12

రాశాను. చిన్నోడు నిద్రలో నవ్వాడు, కిటికీలోంచి వెలుగు పడింది అని. కొట్టేశాను.

దేవదూతలు వచ్చారని రాశాను. కొట్టేశాను.

అక్కకి ముద్దు పంపాడని రాశాను. అది బాగా కుదిరింది. చాలా బాగా కుదిరింది. అందుకే కొట్టేశాను.

బుధవారం, 13

ఒక చిత్తుప్రతి తీసుకెళ్ళి పిల్లకి చూపించాను. ఆగలేకపోయాను. "నీ కథకి చివర ఇలా ఉంటే ఎలా ఉంటుంది?" అన్నాను.

తీసుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నువ్వు రాయొద్దమ్మా" అంది. "చెప్పు."

నాకు కోపం వచ్చింది. నేను తల్లిని, ఏం చెప్పాలో ఏం చెప్పకూడదో నాకు తెలుసు అని అరిచాను. కింద అంతస్తువాళ్ళకి కూడా వినిపించి ఉంటుంది. అది బెదరలేదు. బల్ల దగ్గర కూర్చుని పెన్సిలు చెక్కుకుంది. ఆ బల్ల ఉన్న చోటే మంచం ఉండేది. అది దానికీ గుర్తే.

గురువారం, 14

ప్రార్థన చేయబుద్ధి కాలేదు. మానేశాను. మానేసిన కాసేపటికి, నాకు నేనే చెప్పుకున్నట్టుగా, దేవుడి పేరు నోట్లోంచి వచ్చేసింది. అడగడానికి కాదు. తిట్టడానికి. ఇంతకాలం థాంక్యూలు చెప్పి కళ్ళు తెరిచేసేదాన్ని, లోపలున్న మాట బయటికి వస్తుందని. ఇవాళ వచ్చింది. నాలుగేళ్ళ పిల్లాడు నీకేం చేశాడని అడిగాను. జవాబేం రాలేదు. కానీ పైకప్పు కూలలేదు, పిడుగూ పడలేదు. చాలాకాలం తర్వాత అవతల ఎవరో వింటున్నట్టే ఉంది.

ఇన్నాళ్ళూ పుస్తకాలనే కాదు, దేవుణ్ణి కూడా దిద్దుతూ వచ్చాను.

శుక్రవారం, 15

చెప్పాను.

పదకొండింటికి, రోజూ చదివే టైముకి. అది నా భుజానికి ఆనుకుని కూర్చుంది. కళ్ళు మూసుకోలేదు. నేను గోడ వైపు చూస్తూ చెప్పాను.

ఆసుపత్రి గదికి పచ్చ కర్టెను ఉండేదని చెప్పాను. నాన్న మందులకి కిందకి వెళ్ళారు. వాడికి బాగా ఆయాసంగా ఉంది, దేవదూతలేం రాలేదు, వెలుగేం పడలేదు, బయట మబ్బుగా ఉంది. పడుకోబెట్టడానికి గాడిద పుస్తకం చదువుతున్నాను. వాగు దగ్గరికి వచ్చాను. గాడిద పడిపోయింది. పేజీ తిప్పబోతుంటే వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమన్నాడు?" అంది.

"అక్క వచ్చాక చదువు, అన్నాడు."

అది కదల్లేదు.

"నేను పుస్తకం మూసేశాను. సరే నాన్నా, అక్క రానీ అన్నాను. వాడు కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరవలేదు. నర్సు పరిగెత్తుకుంటూ వచ్చింది, డాక్టరు వచ్చాడు. నా ఒళ్ళో పుస్తకం అలాగే ఉంది. పేజీ తిప్పకపోతే వాడు ఆగుతాడని పిచ్చి ఆశ. తర్వాత కూడా తిప్పలేకపోయాను. తిప్పితే అయిపోయినట్టు. నువ్వు అడుగుతావని, నువ్వు చదవమంటావని భయమేసి, మీద ఇంకో పేజీ అతికించేశాను. నిన్ను ఒక్క పూటయినా బయటికి పంపాలంటే భయమేసి ఇంట్లోనే కూర్చోబెట్టాను."

ఇదంతా ఒకే ఊపిరిలో చెప్పాను. అందులో మంచి వాక్యం ఒక్కటి లేదు.

అప్పుడు ఏడ్చింది. గట్టిగా, చిన్నపిల్లలా, అది చిన్నపిల్లే కదా. నేనూ ఏడ్చాను. నా భుజం తడిసిపోయింది. ఇద్దరం కలిసి ఏడవడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ అది బాత్రూములో, నేను వంటింట్లో.

ఎంతసేపటికో లేచి వెళ్ళి పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. శనివారం నేను చింపిన మూల దగ్గర పట్టుకుని, తానే మెల్లగా నా పేజీని లాగింది. అసలు పేజీకి పెద్దగా ఏం కాలేదు. కింద ఒక్క ముక్క ఊడింది, అక్షరాలు పోలేదు.

"నేనొచ్చాగా. ఇప్పుడు చదువు" అంది.

చదివాను. నా గొంతు ఏమాత్రం బాగోలేదు. రెండుసార్లు ఆగాను. గాడిద చచ్చిపోయింది. పిల్ల ఒక మూట దాటించి, రెండో మూట కోసం తిరిగొచ్చి, గాడిద పక్కన కాసేపు కూర్చుంది. ఊళ్ళోవాళ్ళకి ఉప్పు చేరింది.

శనివారం, 16

పొద్దున ప్రార్థనలో నా వరస అయిపోయాక అది చిన్నోడి పేరు పైకి చెప్పింది. నేనూ చెప్పాను. ఆయన బూట్లు తొడుక్కుంటున్నవారల్లా ఆగి వచ్చి మా పక్కన కూర్చున్నారు.

పిల్ల నిన్న మధ్యాహ్నమే కథ పూర్తి చేసేసిందట. ఇవాళ తెచ్చి చూపించింది. అబ్బాయి ఆసుపత్రికి వెళ్ళాడు, పచ్చ కర్టెను, మబ్బు, గాడిద, వాగు. అన్నీ ఉన్నాయి. నేను చెప్పినవే, నేను చెప్పినంత మోటుగానే. ఆఖరి రెండు వాక్యాలు మాత్రం నేను చెప్పినవి కాదు.

అక్క వచ్చాక చదువు అన్నాడు తమ్ముడు. అమ్మ సరే అంది. అక్కకి రావడం చాలా ఆలస్యమైంది. అమ్మ అప్పటిదాకా ఆగింది.

నా చేతిలో పెన్సిలు ఉంది, అలవాటు కొద్దీ. పైన ఎక్కడో ఒక వాక్యం సాగదీసినట్టుంది, రెండు ముక్కలు చేస్తే బాగుండేది. పెన్సిలు పక్కన పెట్టేశాను.

"బాగుందా?" అంది.

"ఉప్పు చేరింది" అన్నాను.

నవ్వింది. పోస్టాఫీసు పన్నెండింటికి మూసేస్తారు, వీధి మూల మీదే ఉంది. నేనొక్కదాన్నే వెళ్ళి వేసొస్తానంది. వద్దనే మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగింది. కవరు అంటించడానికి జిగురు సీసా తీశాను. అడుగున కొంచెమే మిగిలింది. కవరుకి సరిపోయింది.